పుట్టీ కింది రేకు

హుజూర్‌నగర్
21 జనవరి 2024

తమ్ముడు దశరథ్‌కు,

మేము బాగానే ఉన్నాం. బండే బాగలేదు.

ఈ ఉత్తరం ముందు నువ్వు చదువు, తర్వాత అండాలుకు ఇవ్వు. ఫోన్‌లో చెబుదామంటే నీకు వినపడదు. వాట్సాప్‌లో పెడదామంటే ఆ ఫోను నీ పెండ్లాం చేతిలో ఉంటుంది. ఆమె నీ చెవి దగ్గర చదివితే కొత్తకోట బస్టాండు దాకా వినపడుతుంది. రేకులు కొట్టీ కొట్టీ నీ చెవులు పోయిన కాడి నుంచి మన అక్కాతమ్ముళ్లకు ఈ ఉత్తరాలే దిక్కయ్యాయి. ఒకందుకు మంచిదేలే, లేకుంటే నా చేతిరాత గూడా పోయేది.

సంగతి ఏమంటే, పోయిన వారం మా బడి నవనీత టీచర్‌ను కార్లో ఎక్కించుకున్నాను. ఎడమ వైపు వెనక డోరు వేస్తే పడలేదు. మళ్లీ గుంజి వేసింది, అప్పుడూ పడలేదు. "మేడం, మీ కారు నా మీద అలిగింది" అని నవ్వింది. దిగి చూస్తే డోరు కింది అంచు రన్నింగ్ బోర్డుకు రాసుకుంటోంది. రంగు లేచి గీత పడింది. రోజూ నేనొక్కదాన్నే ముందు కూర్చుని పోయేదాన్ని, వెనక డోరుతో నాకేం పని? అందుకే ఇన్నాళ్లూ చూసుకోలేదు. వేలితో కొట్టి చూశాను. కుడి వైపు రన్నింగ్ బోర్డు టంగుమని మోగింది. ఎడమ వైపు గోడను తట్టినట్టు మొద్దుగా ఉంది. రేకు మోగకపోతే రంగు కింద పుట్టీ ఉన్నట్టు అని నాకు చెప్పింది నువ్వే కదరా.

ఇంటికొచ్చి నేల మీద పడుకుని ఫోన్ లైటు వేసి చూశాను. సర్వీసింగ్‌కు లిఫ్టు మీద ఎత్తేటప్పుడు దాని చెయ్యి పెట్టాల్సిన జాగాలో పెట్టకుండా నడిమధ్య పెట్టి లేపినట్టున్నారు. బండి బరువుకు రేకు లోపలికి ముడుచుకుపోయింది. పైనేమో నున్నగా పుట్టీ పెట్టి, రంగు కొట్టారు.

బండి కొన్న కాడి నుంచి సర్వీసింగ్‌కు నీ షెడ్డుకు తప్ప ఇంకెక్కడికీ తేలేదు. డిసెంబరు ఆఖరు ఆదివారం నేనూ మీ బావా కలిసే వచ్చాం. ఈ ఊళ్లో సర్వీసింగ్ చేసేవాళ్లు లేకనా అంత దూరం వచ్చేది? నా తమ్ముడి చేయి అని. తాళం చెవి నా దగ్గర లేనిది ఒక్కసారే, నవంబరులో ఓట్ల డ్యూటీకి పోయినప్పుడు. అప్పుడు కూడా బండి కవరు కప్పుకుని ఇంటి ముందే ఉందని మీ బావ చెప్పాడు.

నీ షెడ్డులో ఎవరి చెయ్యన్నా తప్పి ఉంటే చెప్పు, కోపం చేయను. రేకు ముడుచుకోవడం పెద్ద తప్పు కాదు. దాని మీద రంగు పూసి నవ్వుతూ నా చేతికి తాళం ఇవ్వడం తప్పు. ఈ బండి నాకు ఎంతో నీకు వేరే చెప్పాలా? మన నాయిన బతుకంతా ఒకరి జీపు వెనక దుమ్ములో నడిచాడు. మన వాడకట్టు ఆడవాళ్లలో స్టీరింగు పట్టిన మొదటిదాన్ని నేను.

నీ బిడ్డ సుచరిత సంబంధం ఎంతవరకు వచ్చింది? రాయి.

అక్క
స్వర్ణ


కొత్తకోట
30 జనవరి 2024

అక్కకు దశరథ్ దండం పెట్టి రాసేది.

నీ ఉత్తరం అండాలుకు ఇయ్యకముందే నా చేతులకెల్లి గుంజుకొని సదివింది. "మా వదినె నన్ను మైకు అంటాంది" అని ఒకటే నవ్వు. నేను నవ్వలే.

అక్కా, నా షెడ్ల ఏ బండి లేపినా నేను ముంగట నిలవడి లేపిస్త. సెవులు పోయినయి గని కండ్లు పోలే. నీ బండికి నా షెడ్ల గట్ల కాలే. గంతే రాస్త. ఇంక ఎక్కువ నన్ను అడుగకు. బావను గూడ ఓసారి అడుగు.

బండి నా కాడికి తోలియ్యి. పుట్టీ అంత గీకి, ముడుసుకున్న రేకు కోసి పడేసి, కొత్త రేకు వెల్డింగు పెడ్త. గుంజి సరి చేసేటట్టు లేదు అది. వానకాలం రాకముందే చెయ్యాలె. పుట్టీ పగిలి నీళ్లు సొచ్చినయంటే లోపల తుప్పు పడ్తది, డోరు ఇంక ఎన్నటికీ పడది.

సుచరిత సంబంధం ఖాయం అయ్యేటట్టే ఉంది. పిలగానికి జడ్చర్లల మందుల దుకాణం ఉంది. మాట తక్కువ. మన పిల్ల నోటికి గసుంటోడే కావాలె.

ఆరోగ్యం పైలం.

తమ్ముడు
దశరథ్


హుజూర్‌నగర్
8 ఫిబ్రవరి 2024

దశరథ్‌కు,

బావను అడుగు అన్నావు. అడిగాను. అన్నం ముందు కూర్చున్న మనిషి చెయ్యి కడుక్కుని లేచాడు. "ఎరువుల దుకాణం నడుపుకునేటోన్ని, కార్ల సంగతి నాకేమెరుక? మీ తమ్మునికి ఇనపడది, ఎనుక ఎవడేం జేస్తున్నడో వానికి తెల్వది. ఆ తప్పు తెచ్చి నా నెత్తిన పెడ్తడా? నన్ను దొంగను జెయ్యమని రాసిండా?" అన్నాడు. అప్పటి నుంచి ఇంట్లో మాటల్లేవు. నీ పుణ్యమే.

బండి కొన్న రోజే ఆయనకు చెప్పాను. ఇది నా పేరు మీద ఉన్న బండి, సర్కారు పంతులమ్మ బండి. నువ్వు ఏ లీడరు వెంట తిరుగుతావో తిరుగు, దీనికి మాత్రం జెండా కట్టొద్దు, ప్రచారానికి తీయొద్దు. నన్ను అడగకుండా తాళం తీసిన రోజున మా తల్లిగారింటికి పోతా, మళ్లీ రాను. ఆయన సరే అన్నాడు, పాపం ఇన్ని రోజులూ ఆ మాట మీదే ఉన్నాడు. అలాంటి మనిషిని నీ మాట పట్టుకుని అనుమానించాను. నాకే సిగ్గయింది.

"నా షెడ్ల కాలే, ఎక్కువ అడుగకు." ఇదేం జవాబురా? బళ్లో తప్పు చేసిన పిల్లలు ఇట్లాగే నేల చూపులు చూస్తూ అంటారు, "నేను కాదు టీచర్, ఆన్ని అడుగుండ్రి" అని. ఇరవై ఏండ్ల నుంచి వాళ్లను చూస్తున్నాను, నీ అక్కకు ఆ మాత్రం తెలియదా?

నీ దగ్గర పని నేర్చుకునేవాళ్లు చేస్తే వాళ్లను వెనకేసుకు రావద్దు. జరిగింది జరిగినట్టు రాయి, చాలు.

స్వర్ణ


కొత్తకోట
19 ఫిబ్రవరి 2024

అక్కకు దండం.

బావను అడుగుమని రాసుడు నాదే తప్పు. ఆ మాట మర్సిపో. ఇంట్ల కొట్లాట పెట్టుకోకు.

నా షెడ్లనే అయిందనుకో. తప్పు నాదే అనుకో. బండి తోలియ్యి, అసలు దెబ్బ తగిలిందా అన్నట్టు చేసి ఇస్త. నువ్వు రాకున్నా మంచిదే, బావ చేతుల పంపు. రెండు దినాల పని.

అండాలు పచ్చి పల్లీలు పంపుతాంది. మన దిక్కు ఈసారి కాయ మంచిగ ఊరింది. నీకు ఉడకబెట్టుకొని తినుడు ఇష్టం గద. బస్సు డ్రైవరుకు ఇచ్చిన, బస్టాండ్ల తీసుకో.

సుచరిత సంబంధం ఖాయమైంది. ఏప్రిల్‌ల లగ్గం.

దశరథ్


హుజూర్‌నగర్
3 మార్చి 2024

దశరథ్‌కు,

అనుకో అంటే ఏందిరా, అనుకో అంటే? నేను అనుకోవాలా? అయిందా, కాలేదా? మొదటి ఉత్తరంలో కాలేదన్నావు. రెండో ఉత్తరంలో అయిందనుకో అన్నావు. మూడో ఉత్తరంలో ఏమంటావు, అక్కే నేల మీద పడుకుని సుత్తెతో కొట్టుకుందంటావా?

నీ ఉత్తరం చదివి మీ బావ ఏమన్నాడో తెలుసా? "తేలు కుట్టిన దొంగ లెక్క రాసిండు. పోనియ్యి స్వర్ణా, తమ్ముడే గదా, ఊకో" అన్నాడు. నువ్వు దొంగను చేయబోయిన మనిషి నిన్ను కడుపులో పెట్టుకుని మాట్లాడుతున్నాడు. నాకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పరాయివాడు మోసం చేస్తే పోనీలే అనుకుంటాం. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? నేను ఊరంతా చెప్పుకున్నాను, మా తమ్ముడి చేతి పని అంటే కండ్లకద్దుకోవచ్చు అని. బడిలో ఎవరి బండికి దెబ్బ తగిలినా కొత్తకోట పొమ్మన్నాను. ఇప్పుడు నవనీత అడుగుతోంది, "మేడం, మీ తమ్ముడి దగ్గరే చేయించారు కదా, మళ్లీ డోరెందుకు పడటం లేదు?" అని. ఏం చెప్పమంటావు?

రెండు రోజుల పని అంటున్నావు. బావ చేతుల పంపు, నువ్వు రావద్దు అంటున్నావు. నేను చూస్తుండగా ఆ పుట్టీ గీకే ధైర్యం నీకు లేదు. నా బండి మళ్లీ నీ చేతి కింద పెట్టను.

పల్లీలు అందాయి. నోట పెట్టుకోలేదు. బడిలో పంచాను.

స్వర్ణ


కొత్తకోట
28 మార్చి 2024

అక్కకు దశరథ్ దండం పెట్టి రాసేది.

ఇందుల పెండ్లి పత్రిక పెట్టిన. మొదటి పత్రిక దేవుని కాడ పెట్టినం, రెండోది నీకే. నేనే వచ్చి బొట్టు పెట్టి పిలుద్దుమనుకున్న. బయలెల్లి బస్టాండు దాక పోయి ఎనుకకు వచ్చిన. నీ వాకిట్ల నిలవడితే నువ్వు అడుగుతవు, నేను సెప్పలేను. గా భయానికి రాలే.

మోసం చేసిన అంటే నీ కాళ్లు పట్టుకుంట. మోసం చెయ్యలే అంటే నువ్వు నమ్మవు. నన్నేం జెయ్యమంటవు చెప్పు. బండి మీది కోపం పిల్ల మీద తియ్యకు. అమ్మ పోయినంక నాకు పెద్దదిక్కు నువ్వే. ఆడబిడ్డ హారతి నువ్వు పట్టాలె. సుచరిత ఇప్పటికే "అత్తమ్మ ఏ రంగు చీర కట్టుకొస్తది, నేను గసుంటిదే తెచ్చుకుంట" అని అడుగుతాంది. ఏం సెప్పాలె దానికి?

అండాలు గూడ రాయుమన్నది, "మా వదినె లేకుంటే నేను పెండ్లి పందిరి కింద అడుగు పెట్ట" అని. ఆమె అరిసి చెప్పింది. నాకు మంచిగనే ఇనపడ్డది.

బావను, పిల్లను తీసుకొని నాలుగు దినాల ముందుగాలనే రా.

నీ తమ్ముడు
దశరథ్


హుజూర్‌నగర్
10 ఏప్రిల్ 2024

దశరథ్‌కు,

మీ బావ వస్తాడు. నేను రాను. మళ్లీ ఓట్లొచ్చాయి, ఎలక్షన్ ట్రైనింగ్ ఉందని అడిగినవాళ్లకు చెప్పు. అబద్ధం చెప్పడం నీకు కొత్త కాదు కదా.

పిల్లకు చీర, పసుపు కుంకుమ పంపుతున్నాను. ఆకుపచ్చది, ఎర్రంచు. దానికి నా ఆశీర్వాదం ఎప్పుడూ ఉంటుంది. నీ గడప మాత్రం తొక్కను. నమ్మకం పోయినంక హారతి పళ్లెం పట్టుకుని నీ ముఖం చూసి నవ్వడం నాకు చేతకాదు.

స్వర్ణ


కొత్తకోట
25 ఏప్రిల్ 2024

అక్కకు,

పెండ్లి అయింది. మంచిగ అయింది అనాలె గద, మంచిగనే అయింది.

హారతి అండాలు చెల్లె పట్టింది. అయ్యగారు "ఆడబిడ్డ ఏది, ఆడబిడ్డను పిలువుండ్రి" అని మైకుల పిలిసిండట. నాకు ఇనపడలే. అందరు నా దిక్కు సూస్తాంటే గప్పుడు తెలిసింది.

బావ వచ్చిండు. పెండ్లి పెద్ద లెక్క అందరిని పలకరిచ్చిండు, ప్రతి ఫోటోల ఉన్నడు. బంతిల కూసొని "మా బామ్మర్ది బోటి కూర మస్తు చేయించిండు" అని మళ్ల మళ్ల ఏయించుకున్నడు. నేనే వడ్డించిన.

అప్పగింతలప్పుడు సుచరిత అందరి మెడకాయ పట్టుకొని ఏడ్సింది. కారు ఎక్కబోయి మళ్ల దిగి, "అత్తమ్మ నిజంగ ట్రైనింగ్‌కే పోయిందా నాయినా" అని నా ముఖం ముంగటికొచ్చి అడిగింది. అవును బిడ్డా అన్న.

ఆడబిడ్డ చీర బావ చేతుల పంపిన. కట్టుకో, కట్టుకోకపో, నీ ఇష్టం.

దశరథ్


హుజూర్‌నగర్
7 జూలై 2024

దశరథ్‌కు,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను. ఎట్లా వస్తే అట్లా రాస్తాను.

వానలకు బండి రన్నింగ్ బోర్డు దగ్గర రంగు బొబ్బలెక్కింది. వేలు పెడితే పెచ్చులుగా ఊడుతోంది. బండి నిండా బురద. ఇదివరకైతే నీ దగ్గరకు వచ్చేదాన్ని. ఇప్పుడు నువ్వు లేవు కదా, మిర్యాలగూడ రోడ్డు మీద ఉన్న సర్వీసింగ్ షెడ్డుకు మొదటిసారి తీసుకుపోయాను. మొదటిసారి అని నేననుకున్నాను.

బండి లోపలికి పెట్టీ పెట్టకముందే ఆ షెడ్డాయన ఎదురొచ్చాడు. "మేడం, జర ఆగుండ్రి. ఈ బండిని లిఫ్టు మీద పెట్టం, కిందనే పంపు కొడ్తం. పోయినసారి లిఫ్టు మీద పెట్టే బద్నాం అయినం" అన్నాడు. ఏ పోయినసారి అన్నాను. "ఓట్లప్పుడు మేడం. సారు తెచ్చిండు గద. మీరు డ్యూటీల ఉన్నరట. బండి నిండ బురద, లోపల జెండలు, కండువలు. మేడం వచ్చేలోపల కడిగియ్యాలె అని ఒకటే తొందర చేసిండు. ఆ అగులుబుగులుల లిఫ్టు చెయ్యి నడిమిట్ల పడ్డది. బండి లేస్తుంటెనే రేకు కరకర ముడుసుకపోయింది. కొత్త రేకు ఏద్దుం సార్ అన్నం, అంత టైం లేదు, పుట్టీ పెట్టి రంగు కొట్టుమన్నడు. మీకు సెప్పలేదా?"

చుట్టూ నలుగురు మనుషులున్నారు. ఒకాయన నవ్వాడు. నేను బండి కడిగించుకోకుండానే తిప్పుకుని వచ్చాను.

మీ బావ దుకాణం కట్టేసి వచ్చేదాకా వాకిట్లోనే కూర్చున్నాను. అడిగాను. మొదట అరిచాడు. షెడ్డాయన పేరు చెప్పాక కూలబడ్డాడు. లీడరు ప్రచారానికి బండి కావాలన్నాడట, కాదనలేకపోయాడట. అది బయటపడితే నా ఉద్యోగానికి దెబ్బ అని నాకు చెప్పలేదట. నా మేలు కోసమేనట. తర్వాత ఆ అబద్ధం నీ మీదికి పోతుంటే ఎందుకు ఆపలేదని అడిగాను.

"నన్నొక్కన్నే అంటవేంది? మీ తమ్మునికి గూడ ఎరుకే. డిసెంబర్‌ల బండి లేపిన్నాడే సూసిండు. వాడే ఊకున్నడు" అన్నాడు.

ఈ మాట ఆయన మళ్లీ అబద్ధమే చెబుతున్నాడని ఇంకా అనుకుంటున్నాను. అట్లా అనుకోవాలనే ఉంది. నిజమేనారా? నువ్వు చూశావా? నేను కంచే చేను మేసింది అని రాస్తుంటే నువ్వు అదంతా తెలిసే చదివావా? పెండ్లిలో అందరూ ఆడబిడ్డ ఏదని నీ ముఖం చూస్తుంటే, పక్కనే నిలబడి ఫోటో దిగుతున్న మనిషిని చూసి కూడా నోరు మెదపలేదా?

అవును కాదు, రెండే మాటలు. ఈసారి అనుకో అని రాయకు.

స్వర్ణ


కొత్తకోట
16 జూలై 2024

అక్కకు,

అవును.

నువ్వు లోపల అండాలుతోని చాయ తాగుతున్నవు. నేను బండి లేపిన. లేపంగనే తెలిసింది, పచ్చి పుట్టీ. ఏంది బావా ఇది అన్న. బావ నా రెండు చేతులు పట్టుకున్నడు. కాయితం మీద రాసి జరిగిందంత చెప్పిండు, సదివినంక చింపిండు. "మీ అక్క బండికి జెండ కట్టినట్టు ఎవడన్న పైకి రాస్తే నౌకరి ఊడుతది. ఇంట్ల తెలిస్తే మీ అక్క ఉండది. నీకు దండం పెడ్త" అన్నడు. నేను ఒప్పుకోలే. గప్పుడు నా చెయ్యి గుంజి ఆయన నెత్తి మీద పెట్టుకోలే అక్కా, సుస్మిత ఫోటో తీసి దాని మీద పెట్టిండు. బిడ్డ మీద ఒట్టు పెట్టిచ్చుకున్నడు.

నీ బిడ్డ మీద ఒట్టు. ఎట్ల తప్పాలె?

బండి ఇంకో వారానికి బావ ఒక్కడే తెస్తనన్నడు, నీకు తెల్వకుంట మంచిగ చేసిద్దామనుకున్నం. తేలే. గింతల నీ ఉత్తరం వచ్చింది. బావను అడుగు అని రాసి ఒట్టు సగం తప్పిన. బావ అండాలు ఫోన్‌కు మెసేజ్ పెట్టిండు, "అక్క సంసారం ఆగం చేస్తవా" అని. గందుకే తప్పు నా మీద ఏసుకున్న.

నువ్వు తిడుతుంటే నాకు కోపం రాలే. గా తిట్లు బావ మీద పడితే ఏమైతదో అని భయం. అడుగకుండ తాళం తీస్తే తల్లిగారింటికి పోత, మళ్ల రాను అన్నవు. నువ్వు మాట మీద నిలవడే మనిషివి. పోతె ఎట్ల? పిల్ల సదువు ఉంది, నలుగురు నవ్వుతరు. మన ఇంట్ల మొదటి సర్కారు నౌకరి నీది. నన్ను ఇడిసిపెడితే ఇడిసిపెట్టినవు, నీ ఇల్లు నిలవడ్డది సాలు అనుకున్న. నా ఇజ్జత్ పోతే పోయింది.

ఇప్పుడన్న బండి తే అక్కా. నువ్వు కుర్సీ ఏసుకొని ముంగట కూసో. ప్రతి పెచ్చు నీకు సూపిస్త.

దశరథ్


హుజూర్‌నగర్
4 ఆగస్టు 2024

తమ్ముడు దశరథ్‌కు,

బండి బాగయింది. సూర్యాపేటలో చేయించాను. ముక్కూ మొహం తెలియనివాళ్లు. కుర్చీ వేసుకుని పొద్దంతా వాళ్ల ముందు కూర్చున్నాను. పుట్టీ గీకితే కింద రేకు తుప్పు పట్టి చిల్లులు పడి ఉంది. కోసేసి, కొత్తది వెల్డింగ్ పెట్టి, రంగు కొట్టకముందే పిలిచి చూపించారు. "మంచిగ సూసుకోండ్రి మేడం, రంగు పడ్డంక కనపడది" అన్నారు. ఆ ఒక్క మాటకు నాకు ఏడుపొచ్చింది. పరాయివాళ్లు రా వాళ్లు.

ఉద్యోగం సంగతి కూడా విను. నేనే పై ఆఫీసుకు పోయి, నేను డ్యూటీలో ఉండగా నాకు తెలియకుండా నా బండి ప్రచారానికి పోయిందని రాసిచ్చాను. మెమో ఇచ్చారు, జవాబు రాశాను. ఏం చేస్తారో చేయనీ, భరిస్తాను. మీరిద్దరూ కలిసి ఇన్ని నెలలు మోసిన భయాన్ని నేను ఒక పూటలో మోశాను. నాకు చేతకాదని మీకెవరు చెప్పారు?

మీ బావకు అన్నం పెడుతున్నాను. మాట్లాడటం లేదు. సుస్మితకు అంతా చెప్పాను. "నా మీద ఒట్టు పెట్టారా? ఒట్టు తీసి గట్టు మీద పెట్టమను మామను" అంది. దానికున్న బుద్ధి నీకు లేకపోయింది.

పోయిన ఆదివారం ఒక్కదాన్నే బండి తోలుకుంటూ జడ్చర్లకు పోయాను. సుచరిత ఇంటి ముందు ఆగితే ఉరికొచ్చి పట్టుకుంది. ఆ ఆకుపచ్చ చీర కట్టుకుని చూపించింది. వాళ్ల అత్తను అడిగి పళ్లెం తెప్పించి, పిల్లను, అల్లుణ్ని గడపలో నిలబెట్టి హారతి ఇచ్చాను. వాళ్లకేం అర్థం కాలేదు, మంచిదేలే అని నవ్వారు. పెండ్లి పందిట్లో పట్టాల్సింది, ఎక్కడ పడుతున్నాను?

అక్కడి నుంచి కొత్తకోట ఎంత దూరమని. వద్దామనే అనుకున్నాను. హైవే ఎక్కాను కూడా. కొంచెం దూరం పోయి బండి తిప్పుకున్నాను.

నా ఇల్లు నిలబడితే చాలనుకున్నానని రాశావు. ఎవరు నిలబెట్టమన్నారు నిన్ను? నాకు చెప్పి ఉంటే ఏమయ్యేది? మీ బావను నిలదీసేదాన్ని. బట్టలు సర్దుకుని నీ ఇంటికి వచ్చేదాన్ని. అండాలు వండితే తిని, నీ చెవిలో అరిచి అరిచి ఆయన్ను తిట్టేదాన్ని. సుచరిత పెండ్లి చేసి, కోపం చల్లారాక నా ఇంటికి పోయేదాన్నో, పోకపోయేదాన్నో, అది నా ఇష్టం. నన్నొక్కమాట అడగకుండా నా బతుకు మీద మీ ఇద్దరూ పుట్టీ పెట్టి రంగు కొట్టారు.

ఆయన మోసం చేశాడు. సరే, మొగడు, పరాయింటివాడు, వాని సంగతి నేను చూసుకుంట. మొగడు మోసం జేస్తే ఆడిది తల్లిగారింటికి పోతదిరా. తల్లిగారిల్లే ఆ మోసంల కలిస్తే నేనెక్కడికి పోవాలె?

స్వర్ణ